ఫోటోమీటరుకు లెక్క నేర్పడం

ఫోటోమీటరు కొలిచేది వెలుతురు ఒక్కటే. నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో, రక్తంలో చక్కెర ఎంతుందో దానికి తెలియదు. దీపం నుంచి బయల్దేరిన కాంతి ముందు ఒక ఫిల్టరు గుండా, ఆ తర్వాత సెంటీమీటరు వెడల్పున్న క్యూవెట్‌లోని రంగు ద్రావణం గుండా వెళ్లి డిటెక్టరు మీద పడుతుంది. డిటెక్టరు ఇచ్చే విద్యుత్ సంకేతం ఒక అంకె అవుతుంది. యంత్రం సొంతంగా చేయగలిగింది అంతవరకే. ఆ అంకెను లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములు అనే ఫలితంగా మార్చడానికి మనిషి రాసిపెట్టిన సూత్రం కావాలి. దాన్నే క్యాలిబ్రేషన్ ఫంక్షన్ అంటారు. కొన్ని యంత్రాల్లో తయారీదారే దాన్ని ఎక్కించి పంపుతాడు. కొన్నిట్లో టెక్నీషియన్ మెనూలోకి వెళ్లి టెస్టు పేరు, తరంగదైర్ఘ్యం, స్టాండర్డ్ (గాఢత ముందే తెలిసిన ద్రావణం) విలువ, యూనిట్లు ఒక్కొక్కటే కొట్టుకోవాలి. ఎవరు ఎక్కించినా సూత్రం తప్పయితే యంత్రం మొరాయించదు. తప్పు ఫలితాన్నే రెండు దశాంశ స్థానాలతో పొందికగా చూపిస్తుంది.

ద్రావణంలో రంగు పదార్థం రెట్టింపైతే అవతలికి వెళ్లే కాంతి సగానికి సగం తగ్గుతుందనుకోవడం పొరపాటు. మొదటి పొర కాంతిలో సగం మింగితే, అంతే మందమున్న రెండో పొర మిగిలిన దాంట్లో సగం మింగుతుంది. ఈ సంగతిని ఫ్రాన్స్‌లో పియర్ బూగే 1729లో రాశాడు. 1760లో యోహాన్ లాంబర్ట్ దాన్ని గణితరూపంలో పెట్టాడు. 1852లో ఆగస్ట్ బీర్ ద్రావణంలోని పదార్థం గాఢతను ఇందులోకి తెచ్చాడు. లోపలికి వెళ్లిన కాంతిని బయటికొచ్చిన కాంతితో భాగించి, వచ్చినదానికి పది ఆధారంగా లాగరిథం తీసుకుంటే అబ్జార్బెన్స్ వస్తుంది. ల్యాబుల్లో దీన్నే ఓడీ అని కూడా అంటారు. సగం కాంతి బయటికొస్తే అబ్జార్బెన్స్ 0.301, పదో వంతు వస్తే 1, నూరో వంతు వస్తే 2. గాఢతతో పాటు సమానంగా పెరిగేది ఈ విలువే కాబట్టి ప్రోగ్రామింగ్ అంతా దీని చుట్టూ తిరుగుతుంది.

కౌంట్ల దగ్గర జరిగే పొరపాట్లు

డిటెక్టరు సంకేతాన్ని 16 బిట్ల కన్వర్టరు 0 నుంచి 65,535 దాకా కౌంట్లుగా మారుస్తుందనుకుందాం. దీపం ఆపేసినా కౌంట్లు పూర్తిగా సున్నాకు దిగవు. ఓ 200 దాకా వస్తూనే ఉంటాయి. ఈ చీకటి విలువను బ్లాంక్ (కొలవాల్సిన పదార్థం లేని ద్రావణం) రీడింగులోంచీ నమూనా రీడింగులోంచీ తీసేశాకే భాగహారం, ఆ తర్వాతే లాగరిథం. బ్లాంక్ 60,200, నమూనా 800 కౌంట్లు అయితే చీకటి తీసేశాక 60,000, 600 మిగులుతాయి. అబ్జార్బెన్స్ సరిగ్గా 2. చీకటి తీయడం మరిచిపోతే అదే నమూనా 1.877 చూపిస్తుంది. అబ్జార్బెన్స్ 1 దగ్గర ఇదే తప్పు 0.987 దగ్గరే ఆగుతుంది. పల్చటి ద్రావణాలతో మాత్రమే పరీక్షించి చూసిన ప్రోగ్రాములో ఈ లోపం బయటపడకుండా ఏళ్ల తరబడి ఉండిపోగలదు.

ఫిల్టరు ఆపలేకపోయిన దారితప్పిన కాంతిదీ ఇదే దారి. నమూనా ఎంత చిక్కగా ఉన్నా అది ఎటుపక్క నుంచో డిటెక్టరుకు చేరుతూనే ఉంటుంది. అది ఒక్క శాతం ఉంటే అసలు అబ్జార్బెన్స్ 2 ఉన్న ద్రావణం 1.70 దగ్గరే ఆగిపోతుంది. పైగా అక్కడ కౌంట్లే కరువు. అబ్జార్బెన్స్ 3 దగ్గర మిగిలేది 60 కౌంట్లు, ఒక్క కౌంటు అటూఇటూ అయితే అబ్జార్బెన్స్ 0.007 మారుతుంది. అందుకే యంత్రం పెట్టె మీద మూడు దాకా కొలుస్తుందని రాసి ఉన్నా, మామూలు ఫిల్టరు ఫోటోమీటరులో గాఢత లెక్కలను 0.1కీ 1.5కీ మధ్య ఉంచుకోవడమే మేలు. చీకటి తీసేశాక నమూనా కౌంట్లు సున్నాకో అంతకంటే కిందికో పోతే లాగరిథమే లేదు. ప్రోగ్రాము ఈ సందర్భాన్ని ముందే పట్టుకుని లెక్క ఆపేయాలి.

ఫ్యాక్టరును నమ్మాలా, స్టాండర్డ్‌నా

అన్నిటికంటే సులువైన ఫంక్షన్ ఒక్క గుణకారం. రక్తంలో గ్లూకోజ్ పరీక్షలో వెయ్యి మైక్రోలీటర్ల రీఏజెంటుకు పది మైక్రోలీటర్ల సీరం కలిపి, 37 డిగ్రీల దగ్గర ఉంచి, ఏర్పడిన ఎర్ర రంగును 505 నానోమీటర్ల దగ్గర చదువుతారు. డెసిలీటరుకు 100 మిల్లీగ్రాములున్న స్టాండర్డ్, రీఏజెంటు బ్లాంక్ తీసేశాక 0.250 చూపిందనుకుందాం. వందను 0.250తో భాగిస్తే ఫ్యాక్టరు 400. రోగి నమూనా 0.390 చూపితే గ్లూకోజ్ 156. ఈ లెక్క వెనక రెండు నమ్మకాలున్నాయి. ఒకటి, గీత సున్నా గుండా పోతుంది. రెండు, అది తిన్నగా పోతుంది. ఈ రెంటికీ ఒక్క స్టాండర్డ్ సాక్ష్యం చెప్పలేదు. కిట్‌తో వచ్చే కాగితంలో తిన్నదనం ఎంతవరకో రాసి ఉంటుంది. ఆ హద్దును మెనూలో నింపకుండా వదిలేస్తే 900 ఉన్న నమూనాకూ ఏదో ఒక అంకె వస్తుంది, అది 900 కాదు.

కాలేయ పరీక్షల్లో చూసే ఎస్‌జీపీటీకి స్టాండర్డే వాడరు. అక్కడ కొలిచేది ఎంజైమ్ ఎంత వేగంగా పనిచేస్తోందన్నది. 340 నానోమీటర్ల దగ్గర ఎన్‌ఏడీహెచ్ తరిగిపోతుంటే నిమిషానికి అబ్జార్బెన్స్ ఎంత పడిపోతోందో చూస్తారు. లీటరుకు ఒక మోల్ గాఢతలో, సెంటీమీటరు దారిలో ఎన్‌ఏడీహెచ్ అబ్జార్బెన్స్ 6,220. నిమిషానికి ఒక మైక్రోమోల్‌ను మార్చే ఎంజైమ్ ఒక యూనిట్ కాబట్టి పది లక్షలను 6,220తో భాగించాలి. వంద మైక్రోలీటర్ల సీరానికి వెయ్యి మైక్రోలీటర్ల రీఏజెంటు కలిపారు కాబట్టి పలచనైనందుకు 11తో గుణించాలి. వచ్చేది 1768. సెమీ ఆటో ఎనలైజర్ల మీద పనిచేసే టెక్నీషియన్లకు ఈ అంకె ఫోన్ నంబరులా గుర్తుంటుంది. కొన్ని కిట్లలో 1746 అని ఉంటుంది. అది అచ్చుతప్పు కాదు, అక్కడ 6,220 బదులు 6,300 తీసుకున్నారు. రెంటికీ తేడా ఒకటిన్నర శాతం లోపే. అబ్జార్బెన్స్ తగ్గుతూ పోయే పరీక్ష కాబట్టి కొన్ని యంత్రాల్లో ఫ్యాక్టరు ముందు మైనస్ పెట్టాలి, కొన్నిట్లో దిశ తగ్గుదల అని ఎంచుకోవాలి. ఆ రెండూ కలిపి చేస్తే రుణాత్మక ఎంజైమ్ వస్తుంది.

ఫ్యాక్టరు చూడటానికి శాస్త్రీయంగా కనిపిస్తుంది. ప్రకృతి స్థిరాంకం, కలిపిన పాళ్లు తప్ప అందులో ఇంకేమీ లేవు. అయితే యంత్రం లోపాలన్నీ దాని గుండా నేరుగా ఫలితంలోకి వచ్చేస్తాయి. ఫిల్టరు 340కి బదులు 346 దగ్గర కాంతిని వదులుతుంటే, ఫ్లో సెల్ వెడల్పు సరిగ్గా సెంటీమీటరు లేకపోతే, పిపెట్టు తక్కువ పోస్తుంటే 1768 ఇక చెల్లదు. ఆ సంగతి ఎక్కడా తెలియదు. స్టాండర్డ్ పెట్టి చేసే లెక్కలో ఇవే లోపాలు స్టాండర్డ్‌కూ నమూనాకూ ఒకేలా తగిలి భాగహారంలో కొట్టుకుపోతాయి. బదులుగా అక్కడ స్టాండర్డ్ సీసా మీద భారం పడుతుంది. మూత తెరిచి ఉంచితే నీరు ఆవిరై వంద కాస్తా 108 అవుతుంది, ఆ రోజు రోగులందరి చక్కెరా తక్కువగా కనిపిస్తుంది. కాబట్టి ఫ్యాక్టరు మీద నడిచే ప్రతి టెస్టుకూ విలువ తెలిసిన కంట్రోల్ సీరం ఒకటి రోజూ నడిపించాల్సిందే.

ఫ్లోరైడ్: తలకిందుల గీత

తెలుగునాట ఫోటోమీటరుకు ఒక ప్రత్యేకమైన పని ఉంది. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువైతే వచ్చే ఫ్లోరోసిస్ జబ్బు దేశంలో మొదటిసారి వైద్య పత్రికలకెక్కింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచి, హెచ్.ఇ. షార్ట్ బృందం పరిశీలనల ద్వారా. నల్లగొండ పేరు ఆ తర్వాత దేశమంతా తెలిసింది. తాగునీటి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1.0 మిల్లీగ్రాము దాకా సమ్మతం, వేరే నీటి వనరు లేనిచోట 1.5 దాకా అనుమతి. బోరు నీళ్లు తాగవచ్చా లేదా అన్నది ఈ అరమిల్లీగ్రాము సందులో తేలాలి. ఫోటోమీటరు ఎక్కడ ఎంత తడబడుతుందో తెలుసుకోవడానికి ఇంతకు మించిన పరీక్ష లేదు.

నీటి ల్యాబుల్లో పాతుకుపోయిన పద్ధతి స్పాడ్న్స్. స్పాడ్న్స్ అనే అద్దకం జిర్కోనియంతో కలిసి ముదురు ఎరుపు రంగునిస్తుంది. ఫ్లోరైడ్ వచ్చి ఆ జిర్కోనియంను లాగేసుకుంటుంది, రంగు వెలిసిపోతుంది. 570 నానోమీటర్ల దగ్గర చదివితే ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ అబ్జార్బెన్స్ తగ్గుతుంది. ఫ్లోరైడ్ ఏమీ లేని నీళ్లకే అన్నిటికంటే పెద్ద రీడింగు. సున్నా గుండా పోయే గీత ఇక్కడ పనికిరాదు.

ఉదాహరణకు 0, 0.35, 0.70, 1.05, 1.40 మిల్లీగ్రాముల స్టాండర్డ్‌లు వరసగా 0.820, 0.742, 0.665, 0.587, 0.510 చూపాయనుకుందాం. ఈ ఐదు చుక్కల మధ్య నుంచి కనిష్ఠ వర్గాల పద్ధతిలో గీత లాగాలి. 1805లో లెజాండ్ర్ తోకచుక్కల కక్ష్యల కోసం ప్రచురించిన ఈ పద్ధతి ఇవాళ అరచేతిలో పట్టే కలరీమీటరులోనూ నడుస్తోంది. లెక్క చేస్తే గీత మొదలయ్యేది 0.8198 దగ్గర, వాలు మైనస్ 0.2214. తెలియని నమూనా 0.600 చూపితే 0.8198లోంచి దాన్ని తీసేసి 0.2214తో భాగించాలి. జవాబు 0.99. ప్రోగ్రాములో నింపాల్సిన గుణకాలు ఈ రెండే. అయితే దశాంశాలు కుదిస్తే ప్రమాదం: వాలును 0.22 అని, మొదలును 0.82 అని పెడితే అదే నమూనా 1.00 అవుతుంది. ఇక్కడ తేడా స్వల్పమే. వాలే 0.004 లాంటి చిన్న అంకె అయిన పరీక్షలో రెండే దశాంశాలు దాచుకునే మెనూ దాన్ని సున్నా చేసేస్తుంది.

ఈ గీతకు ఉన్న అసలు బలహీనత దాని మొదలు. 0.82 అంతా రీఏజెంటు రంగే. యాభై మిల్లీలీటర్ల నమూనాకు పది మిల్లీలీటర్ల రీఏజెంటు పోసేచోట 0.1 మిల్లీలీటరు ఎక్కువ పడితే అబ్జార్బెన్స్ 0.007 దాకా పెరుగుతుంది, ఫ్లోరైడ్ 0.03 తక్కువగా వస్తుంది. కొత్త రీఏజెంటు బ్లాంక్ 0.832 చూపుతుంటే, ప్రోగ్రాము పాత 0.8198నే పట్టుకుని ఉంటే, ప్రతి ఫలితంలోనూ 0.05కి పైగా తేడా. అసలు 1.53 ఉన్న బోరు 1.48తో గట్టెక్కుతుంది. అందువల్ల వాలును యంత్రంలో దాచుకున్నా మొదటి బిందువును మాత్రం ప్రతి విడతకూ కొత్తగా చదివించేలా రాయడం మంచిది. వేడి కూడా లెక్కలోకి వస్తుంది. స్టాండర్డ్‌లూ నమూనాలూ ఒకే ఉష్ణోగ్రతలో ఉండాలి. జనవరిలో గీసిన గీతతో మే నెల నల్లగొండ నీళ్లను చదవకూడదు.

ఫంక్షన్ ఎంత బాగున్నా సరిదిద్దలేని తప్పులు రసాయనంలోనే ఉంటాయి. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించిన నల్లగొండ పద్ధతిలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు వేసి ఫ్లోరైడ్‌ను తగ్గిస్తారు. పటికలోని అల్యూమినియం నీళ్లలో కాస్త మిగిలినా ఫ్లోరైడ్‌ను పట్టుకుని ఉంచుతుంది, అద్దకం వెలవదు, ఫ్లోరైడ్ ఫలితం తక్కువ వస్తుంది. లీటరుకు 0.1 మిల్లీగ్రాము అల్యూమినియమే ఫలితాన్ని దాదాపు అంతే మేర తగ్గించగలదు. బ్లీచింగ్ పౌడరు క్లోరిన్ ఏమో అద్దకాన్నే తెల్లబరిచి ఫలితాన్ని పెంచుతుంది. శుద్ధి బాగా జరిగిందో లేదో చూడటానికి వాడే పరీక్షనే శుద్ధి మందులు రెండు వైపుల నుంచీ లాగుతాయన్నమాట. క్లోరిన్‌ను సోడియం ఆర్సెనైట్‌తో ముందే తీసేయాలి, మిగతావాటికి నమూనాను స్వేదనం చేయాలి. సూత్రంలో ఏదో ఒక అంకె కలిపి సర్దుబాటు చేయడం పరిష్కారం కాదు, అలా సర్దిన ల్యాబులు లేకపోలేదు.

గీత వంగినప్పుడు

0 నుంచి 5 దాకా ఆరు స్టాండర్డ్‌లు 0.010, 0.290, 0.530, 0.730, 0.890, 1.010 చూపాయనుకుందాం. ఒక్కో మెట్టుకూ పెరుగుదల 0.28, 0.24, 0.20, 0.16, 0.12. వంపు కంటికి కనిపిస్తూనే ఉంది. అయినా తిన్నటి గీత లాగి సహసంబంధ గుణకం అడిగితే యంత్రం 0.99 అంటుంది. నివేదికల్లో ఆ అంకె చూసి సంతృప్తి పడటం చాలా ల్యాబులకు అలవాటు. అదే గీతతో స్టాండర్డ్‌లను తిరిగి లెక్కించి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది: సున్నా కాస్తా మైనస్ 0.33, రెండు 2.27, ఐదు 4.67. మొదట్లోనూ చివర్లోనూ తక్కువ, మధ్యలో అంతా ఎక్కువ. తేడాల గుర్తులు ఇలా గుంపులు కట్టాయంటే ఎంచుకున్న ఆకారమే తప్పు. స్టాండర్డ్‌లను తిరిగి లెక్కించి పక్కపక్కన చూపించే తెర ఒకటి ప్రోగ్రాములో ఉంటే సహసంబంధ గుణకంతో పనే ఉండదు.

ఈ చుక్కలకు వర్గ సమీకరణం అచ్చంగా సరిపోతుంది: అబ్జార్బెన్స్ అంటే 0.010కి గాఢతను 0.300తో గుణించి కలిపి, గాఢత వర్గాన్ని 0.020తో గుణించి తీసేయడం. గాఢత నుంచి అబ్జార్బెన్స్ కనుక్కోవడం తేలిక, యంత్రానికి కావలసింది మాత్రం దాని తిరుగుబాట. అబ్జార్బెన్స్ 1.000కు రెండు మూలాలొస్తాయి, 4.90 ఒకటి, 10.10 రెండోది. స్టాండర్డ్‌లు ఐదు దాకానే ఉన్నాయి కాబట్టి మొదటిదే తీసుకోవాలి, ఆ మాట ప్రోగ్రాముకు చెప్పాలి. అబ్జార్బెన్స్ 1.200 అయితే వాస్తవ మూలమే లేదు. వర్గమూలం లోపల రుణ సంఖ్య పడి లెక్క ఆగిపోతుంది. ఈ తలనొప్పి వద్దనుకుని కొందరు మొదటి నుంచే గాఢతను అబ్జార్బెన్స్ బహుపదిగా గీస్తారు. లెక్క సూటిగా సాగుతుంది కానీ కనిష్ఠ వర్గాల పద్ధతి తప్పులన్నీ గాఢతలో ఉన్నాయని అనుకుంటుంది, నిజానికవి రీడింగులో ఉంటాయి. చుక్కలు గీతను అంటిపెట్టుకుని ఉన్నంతవరకు ఈ తేడా పట్టించుకోనక్కర్లేదు.

బహుపది ఘాతం పెంచుతూ పోతే ప్రతి చుక్క గుండా పోయే గీత తప్పకుండా దొరుకుతుంది. ఆరు చుక్కలకు ఐదో ఘాతం చాలు. చుక్కల మధ్యలో అది ఎటు ఊగుతుందో మాత్రం చెప్పలేం. సమాన దూరాల్లో ఉన్న బిందువుల మీద ఈ ఊగిసలాట చివర్లలో ఎంత విపరీతం కాగలదో కార్ల్ రుంగే 1901లో చూపించాడు. దానికంటే పక్కపక్క చుక్కలను తిన్నటి ముక్కలతో కలపడం నయం. అందులో గణిత సౌందర్యం లేకపోవచ్చు, రెండు స్టాండర్డ్‌ల మధ్య జవాబు ఆ రెంటి మధ్యే ఉంటుందన్న హామీ ఉంది. క్యూబిక్ స్ప్లైన్ ముక్కల అతుకులను నున్నగా చేస్తుంది. ఒక స్టాండర్డ్ పొరపాటున ఎక్కువ చదివితే ఆ పొరపాటునూ అంతే నున్నగా గీతలో కలిపేస్తుంది.

సీఆర్‌పీ లాంటి టర్బిడిటీ (మబ్బుదనం కొలిచే) పరీక్షల్లో గీత ఇంగ్లిషు ఎస్ అక్షరంలా సాగుతుంది. మొదట నెమ్మదిగా, మధ్యలో నిటారుగా, చివర చదునుగా. దానికి నాలుగు విలువల లాజిస్టిక్ ఫంక్షన్ వాడతారు: కింది మట్టం, పై మట్టం, నడిమి గాఢత, వాలు. రీడింగు పై మట్టాన్ని దాటితే ఇక్కడ కూడా తిరుగుబాట లేదు. అంతకంటే మోసకారి సంగతి ఇంకొకటుంది. నమూనాలోని యాంటిజెన్ మరీ ఎక్కువైతే రీఏజెంటులోని యాంటీబాడీలు చాలక మబ్బుదనం మళ్లీ తగ్గుతుంది, తీవ్రంగా జబ్బుపడిన మనిషి నమూనా ఓ మోస్తరు విలువ చూపిస్తుంది. ఒకే అబ్జార్బెన్స్‌కు రెండు గాఢతలు ఉన్నప్పుడు ఏ సూత్రమూ వాటిని విడదీయలేదు. నమూనాను పల్చన చేసి మళ్లీ నడపాలి. పల్చన చేసినా విలువ పెరుగుతూ పోతే మొదటి ఫలితం అబద్ధం.

హద్దులు, గుర్తులు

ఫ్లోరైడ్ గీత 1.40 దగ్గర ఆగుతుంది. నమూనా 0.300 చూపితే సూత్రం 2.35 అంటుంది, కానీ అక్కడికి చేరేసరికి జిర్కోనియం తరిగిపోతూ గీత చదునవుతుంది, అసలు విలువ ఇంకా ఎక్కువ ఉండవచ్చు. ప్రోగ్రాము 2.35 అని అచ్చు వేయకుండా 1.40కి పైన అని చెప్పి పల్చన చేయమని అడగాలి. ఐదు రెట్లు పల్చన చేసిన నమూనాలో ఫ్లోరైడ్ 0.80 అని తేలితే జవాబు 4.0. ఆ గుణకారం యంత్రమే చేయాలి, చేశానని ఫలితం పక్కన రాయాలి. లేదంటే టెక్నీషియన్ మళ్లీ ఐదుతో గుణించి 20 అని రాసే అవకాశముంది. కింది హద్దూ అంతే. మైనస్ 0.02 వచ్చినప్పుడు దాన్ని చడీచప్పుడు కాకుండా సున్నా చేసేసే ప్రోగ్రాము బ్లాంక్ పాడైన రోజును దాచిపెడుతుంది. తెర మీద గుర్తించదగిన స్థాయికి తక్కువ అని చూపించి, లోపలి రికార్డులో మైనస్ విలువను అలాగే ఉంచడం సరైన పద్ధతి.

గుణకాలతో పాటు దాచాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి: తేదీ, రీఏజెంటు లాట్ నంబరు, స్టాండర్డ్ లాట్ నంబరు, తరంగదైర్ఘ్యం, ఉష్ణోగ్రత, స్టాండర్డ్‌ల పచ్చి రీడింగులు. పచ్చి రీడింగులుంటే ఆరు నెలల తర్వాత కూడా గీతను తిరిగి గీయవచ్చు. కేవలం వాలు, మొదలు మిగిలితే అది కుదరదు. ప్రతి రోగి ఫలితంతో, ప్రతి బోరు ఫలితంతో ఏ క్యాలిబ్రేషన్ వాడారో దాని సంఖ్య కూడా పోవాలి. కొత్త గీత వేసినప్పుడు పాతది చెరిగిపోయే యంత్రాలు ఇంకా వాడుకలో ఉన్నాయి. అలాంటి చోట్ల ల్యాబు రిజిస్టరులో చేత్తో రాసుకోవడమే దిక్కు.

గీత వేశాక దాన్ని అదే స్టాండర్డ్‌లతో పరీక్షించి చూడటం వల్ల ఒరిగేది తక్కువ, గీత ఆకారం సరైనదైతే అవి ఎలాగూ దాని మీదే పడతాయి. వేరే సీసా నుంచి, వీలైతే వేరే తయారీదారు నుంచి తెచ్చిన విలువ తెలిసిన ద్రావణం ఒకటి నడపాలి. ఫ్లోరైడ్‌కైతే 1.0 దగ్గర ఒకటి, 1.5 దాటాక పల్చన చేయాల్సిన చోట ఒకటి. లాట్ మారినప్పుడు, దీపమో ఫిల్టరో మార్చినప్పుడు, ఈ తనిఖీ ద్రావణం వరసగా ఒకే వైపు జరుగుతున్నప్పుడు గీతను మళ్లీ వేయాలి.